తీరరక్షణకు వచ్చు గ్రాంటు – గ్రామసంఘము వేసికొనవలసిన లెక్క

గోదావరి కడలిలో కలియుచోట, కాకినాడకు దక్షిణమున కోరింగ మడ అడవి యున్నది. 1978లో ప్రభుత్వము దీనిని అభయారణ్యముగా ప్రకటించినది. దీని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఈ అడవి నంటియున్న పల్లెల వారికి మడ యనగా మండపీత దాగు వేళ్ళ గుంపు, రొయ్యపిల్ల పెరుగు నీడ, గేదె మేయు ఆకు, పొయ్యిలోనికి పుల్ల, ఉప్పెన వచ్చినపుడు అలకు ఎదురు నిలుచు అడ్డు. కృష్ణా ముఖద్వారమున నాగాయలంక, కోడూరు ప్రాంతముల వారికిని ఇదియే అనుభవము. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనను చూచినవారు అచ్చట నేటికిని ఉన్నారు. వారికి తీరమున చెట్టు విలువ మేము చెప్పనక్కరలేదు.

ఈ అడవులను కాపాడుటకు, పాడైనచోట్ల తిరిగి పెంచుటకు దాదాపు ముప్పది యేండ్లుగా బయటినుండి ధనసహాయము వచ్చుచున్నది. 1996లో ఇండియా–కెనడా పర్యావరణ నిధి సాయముతో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ గోదావరి, కృష్ణా ముఖద్వారములలో అటవీశాఖతోను గ్రామసంఘములతోను కలిసి పని ఆరంభించినది. 2011లో గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ అను అంతర్జాతీయ నిధి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ద్వారా, గోదావరి ముఖద్వారపు జీవజాల రక్షణకు సుమారు 60 లక్షల డాలర్లు కేటాయించినది. 2013 ప్రాంతమున అడాప్టేషన్ ఫండ్ నుండి నాబార్డు ద్వారా కృష్ణా తీరమునకు దాదాపు 6 లక్షల 90 వేల డాలర్లు మంజూరైనవి. 2018లో గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీరముల కొఱకు 4 కోట్ల 34 లక్షల డాలర్ల గ్రాంటును ఆమోదించినది.

ఈ మొత్తములు వినుటకు పెద్దవి. పల్లెకు చేరునది వీనిలో ఒక చిన్న పాయ. ఆ పాయ ఏ షరతులతో వచ్చును, ఎవరి చేతిమీదుగా ఖర్చగును, అది ఇంకిపోయిన పిమ్మట పని నిలుచునా అనునవి ఈ పాఠమున మేము విచారింపదలచిన సంగతులు. వీనిలో మూడవదానిని గూర్చియే ఎక్కువగా చెప్పెదము. ఏలయన, గ్రాంటు దరఖాస్తులలో తరచుగా ఖాళీగా నుండు గడి అదియే.

మొదట పని యెట్టిదో తెలిసికొందము. పని తెలియనిదే ధనపు లెక్క తెలియదు.

పూర్వము మడ అడవిని కూపులుగా విభజించి, వంతులవారీగా కలపకును వంటచెరకునకును నరకుచుండిరి. చెట్టు పోయినచోట బురదనేల ఎండకు గురియై క్రుంగి, పళ్ళెమువలె పల్లమగును. పోటులో ఎక్కిన నీరు పాటులో తిరిగి పోజాలక అచ్చటనే నిలుచును. ఎండకు నీరు ఆవిరియై ఉప్పు మిగులును. ఏటేట ఆ ఉప్పు పేరుకొని, ఎంత ఉప్పునకైనను ఓర్చునని పేరుగన్న తెల్లమడ సహితము మొలవజాలని చవుటినేల యగును. ఇట్టిచోట మొక్కలు తెచ్చి నాటిన లాభములేదు. ముందు నీటికి దారి చూపవలెను.

అందులకై వచ్చినది చేపముల్లు కాలువల పద్ధతి. సహజముగా పారు పాయనుండి పల్లపునేలలోనికి ఒక పెద్దకాలువ త్రవ్వి, దాని కిరువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు త్రవ్వెదరు. పైనుండి చూచినచో చేప వెన్నెముకయు ప్రక్కముండ్లును వలె కనబడును. పోటునీరు ప్రతి పిల్లకాలువలోనికి ఎక్కి, పాటులో ఉప్పును కడిగికొని పోవును. కాలువగట్టు వాలుమీద మొక్క నాటెదరు. అచ్చట నీరు తగులును గాని మొక్క నిలువునీటిలో మునిగియుండదు. ఈ పద్ధతితో పరిశోధన సంస్థయు అటవీశాఖయు గ్రామసంఘములును కలిసి గోదావరి, కృష్ణా తీరములలో చవుటినేలలను తిరిగి పచ్చబరచినవి. ఇది కంటికి కనబడు విజయము. దీనిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు.

అయితే కాలువ యనునది ఒకమారు త్రవ్వి విడిచిపెట్టు పని కాదు. మన నదులు ఒండ్రు మోసికొని వచ్చును. పోటునీటితో బురదయు వచ్చును. వర్షమునకు గట్టు కరగి కాలువలో పడును. గేదెలు దిగి త్రొక్కును. పిల్లకాలువ నోరు పూడినచో దాని వెంబడి నున్న నేల మరల పళ్ళెమగును, ఉప్పు మరల పేరుకొనును. మొక్క వేరు లోతుగా పాతుకొని, పడిన విత్తు తనంత తాను మొలచువరకు పూడిక తీయుచునే యుండవలెను. గ్రాంటు కాలము చాలచోట్ల రెండు మూడేండ్లు మాత్రమే. మరి నాలుగవ యేట పార పట్టువా డెవడు? వానికి కూలి యిచ్చువా డెవడు?

ఒక ఉదాహరణము తీసికొందము. ఈ అంకెలు లెక్క సులభముగా బోధపడుటకై మేము ఊహించినవి. ధరలు ఊరూరికి మారును.

ఒక గ్రామసంఘము 10 హెక్టార్ల చవుటినేలలో పని చేయుటకు మూడేండ్లకు 12 లక్షల రూపాయలు పొందినది. మొదటి యేట త్రవ్వకమునకు, నాటుటకు హెక్టారునకు 90,000 చొప్పున 9 లక్షలైనవి. రెండవ యేట చచ్చిన మొక్కల స్థానమున క్రొత్తవి నాటుటకు, కావలికి 2 లక్షలు. మూడవ యేట సభలకు, శిక్షణకు, నివేదికకు 1 లక్ష. లెక్క పైసతో సరిపోయినది. దాత సంతోషించినాడు, నివేదికలో ఛాయాచిత్రములు వచ్చినవి. నాలుగవ యేట సంఘము ఖాతాలో ఉన్నది సున్న. పూడిక తీయుటకు హెక్టారునకు ఏటికి 6,000 అనుకొన్నను 60,000 రూపాయలు కావలెను. అవి లేవు.

అదే సంఘము 10కి బదులుగా 7 హెక్టార్లకే దరఖాస్తు పెట్టెననుకొందము. త్రవ్వకము, నాటుట 6,30,000. ఖాళీలు నింపుట, కావలి 1,40,000. సభలు, నివేదిక మునుపటివలె 1,00,000. రెండవ, మూడవ యేండ్ల పూడికకు ఏటికి 42,000 చొప్పున 84,000. వెరసి 9,54,000. మిగులు 2,46,000. ఈ మిగులుతో గ్రాంటు ముగిసిన పిమ్మట ఐదేండ్లపాటు పూర్తిగాను, ఆరవ యేట చాలవరకును కాలువలు శుభ్రముగా నుండును. అంతలోపల చెట్లు నిలద్రొక్కుకొనును. 3 హెక్టార్లు తగ్గినవి, నిజమే. కాని మొదటి లెక్కలో 10 హెక్టార్లును నాలుగవ యేటనే అపాయమున పడినవి.

ఇచ్చట ఒక చిక్కు గలదు. సాధారణముగా గడువు ముగిసిన నాటికి ఖర్చుకాని సొమ్మును దాతకు తిరిగి ఇచ్చివేయవలెనని ఒడంబడికలో నుండును. కావున మిగులు దానంతటది సంఘమున కుండిపోవునని అనుకొనరాదు. దరఖాస్తు నాడే దీనికి 'నిర్వహణనిధి' అని పేరుపెట్టి, ప్రత్యేక ఖాతాలో వేయుదుమనియు, పూడికకు తప్ప వేరొక పనికి ముట్టమనియు వ్రాసి, దాత సమ్మతిని వ్రాతమూలముగా పొందవలెను. కొందరు దాతలు ఒప్పుకొనరు. అట్టిచో ఏ సంఘాదాయమునుండి నాలుగవ యేటి కూలి వచ్చునో మరియొక దారి చూపవలెను. ఆ దారి లేనిచో హెక్టార్లు తగ్గించుటయే మేలని మా అభిప్రాయము.

ఎక్కువ హెక్టార్లు చూపిన దరఖాస్తునకే మంజూరు లభించునను భయము గ్రామములలో గలదు. ఆ భయము ఊరక పుట్టినది కాదు. నాటిన మొక్కల సంఖ్య అడుగువారే ఎక్కువ, మూడేండ్ల పిమ్మట బ్రతికియున్న వానిని లెక్కింపుమని అడుగువారు తక్కువ. లక్ష మొక్కలు నాటితిమనుట సులభము. అందుచేత సంఘమే ముందుగా ఒక పని చేయవలెను. నాటిన మరుసటి యేట అదే మాసమున, అవే గుర్తులు పెట్టిన తావులలో బ్రతికిన మొక్కలను లెక్కించి పుస్తకమున వ్రాయవలెను. ఒకే చోట నిలుచుండి ఏటేట ఒక ఛాయాచిత్రము తీయించవలెను. రెండవమారు గ్రాంటు అడుగునపుడు ఆ పుస్తకమునకు మించిన సిఫారసు లేదు.

ధనము వచ్చు దారులు

ఇవి పలు విధములు. అన్నిటిని వివరించుటకు ఇచ్చట తావులేదు. గ్రామసంఘములకు ముఖ్యమైన వానిని మాత్రము చెప్పెదము.

చిన్న గ్రాంటులలో ప్రసిద్ధమైనది గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వారి చిన్న గ్రాంటుల కార్యక్రమము. ఇది 1992లో ఆరంభమైనది. ప్రభుత్వములకు గాక, స్థానిక సంఘములకును స్వచ్ఛందసంస్థలకును చిన్న మొత్తము లిచ్చుట దీని పద్ధతి. గ్రామము తన వంతు కూడ చూపవలెనని ఇది కోరును. ఆ వంతు నగదుగానే యుండనక్కరలేదు. పడవ, చోటు, పనిదినములు కూడ లెక్కకు వచ్చును. 2004 డిసెంబరు సునామీ పిమ్మట, 2006లో, మాంగ్రూవ్స్ ఫర్ ది ఫ్యూచర్ అను మరియొక కార్యక్రమము ఆసియా దేశముల తీరముల కొఱకు ఏర్పడి చిన్న, పెద్ద గ్రాంటు లిచ్చినది. అది 2018లో ముగిసినది. నిధి ముగియును, అడవి మాత్రము ఆ తరువాతను నిలువవలెను.

కేంద్రప్రభుత్వము 2023 బడ్జెటులో మిష్టి అను మడ అడవుల పథకమును ప్రకటించినది. 9 రాష్ట్రములు, 4 కేంద్రపాలిత ప్రాంతములలో ఐదేండ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మేర మడ పెంచుట దీని లక్ష్యము. దీని కొఱకు ఉపాధిహామీ పనులు, పరిహార అటవీకరణ నిధి మున్నగువానిని ఒకచోటికి చేర్చవలెనని నాడు నిర్ణయించిరి. ఈ దారిలో ధనము అటవీశాఖ ద్వారా వచ్చును. కావున సంఘము మొదట రేంజి కార్యాలయముతో మాట్లాడవలెను.

2013 కంపెనీల చట్టము ప్రకారము నిర్ణీత స్థాయిని మించిన కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 వంతులు సాంఘిక కార్యములకు వెచ్చింపవలెను. ఆ కార్యముల పట్టికలో పర్యావరణ రక్షణయు గలదు. 2021 ఏప్రిల్ నుండి ఈ ధనముతో పని చేయదలచిన సంస్థలు సి.ఎస్.ఆర్.–1 అను ఫారము మూలముగా కేంద్రమువద్ద నమోదు కావలెను. చిన్న గ్రామసంఘమునకు ఇది వెంటనే సాధ్యము కాకపోవచ్చును. నమోదైన సంస్థతో కలిసి పని చేయుట వాడుక.

విదేశీధనము సంగతి వేరు. 2010 విదేశీ విరాళముల నియంత్రణ చట్టమును 2020లో సవరించిరి. అంతకుముందు నమోదైన స్వచ్ఛందసంస్థ తనకు వచ్చిన విదేశీవిరాళములో కొంత, నమోదైన మరియొక సంఘమునకు బదిలీ చేయగలిగెడిది. సవరణతో అట్టి బదిలీ నిషిద్ధమైనది. సంస్థయే స్వయముగా పని చేయించి, కూలి మొదలగు ఖర్చులు తానే చెల్లింపవలెను. పాలనాఖర్చు విరాళములో నూటికి 20 వంతులు దాటరాదు. ఐక్యరాజ్యసమితి, ప్రపంచబ్యాంకు వంటి వాని ధనమును ఈ చట్టము విదేశీమూలముగా పరిగణింపదు గనుక వానికి ఈ కట్టుబాటు వర్తింపదు.

ఈ మార్పు వలన పల్లెకు కలుగు భేదమేమి? ధనము సంఘపు పేర వచ్చినపుడు ఏ కాలువ ముందు త్రవ్వవలెనో సంఘమే తీర్మానించును. ధనము సంస్థ చేతిలోనే యుండి కూలి మాత్రము పల్లెకు వచ్చినపుడు, ఏమరుపాటుగా నున్నచో, గ్రామస్థులు తమ అడవిలో తామే కూలీలగుదురు. దీనికి విరుగుడు గలదు. పని పట్టిక, స్థలముల ఎంపిక, కొలతల సరిచూపు గ్రామసంఘపు తీర్మానము మీదనే జరుగవలెనని సంస్థతో చేసికొను ఒప్పందములో వ్రాయించుకొనవలెను. సొమ్ము బదిలీ మీదనే చట్టమునకు అభ్యంతరము. నిర్ణయము గ్రామమునకు విడిచిపెట్టుటపై అభ్యంతరము లేదు.

సంఘములో ఎవరుండవలెను

మన రాష్ట్రమున 1992 నుండి వనసంరక్షణ సమితులు ఏర్పడినవి. అభయారణ్యముల చెంత వీనికి బదులుగా పర్యావరణ అభివృద్ధి కమిటీలు గలవు. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థకును జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను. కొన్ని ఊళ్ళలో ఈ మూడు పేర్లతోను ఆ నలుగురు పెద్దలే కూర్చుండుట కలదు.

మడలోనికి ప్రతిదినము పోవువారు వేరు. వలయు పడవయు లేక, పాటువేళ బురదలో దిగి చేతులతో పీతను, చేపను పట్టి బ్రతుకు యానాది కుటుంబములు కృష్ణా ముఖద్వారమున గలవు. ప్రొద్దున తలమోపు పుల్లలు తెచ్చికొను స్త్రీలు గలరు. గేదెలను మడలోనికి తోలు పశుకాపరులు గలరు. అడవికి గ్రాంటు వచ్చినదన్న వెంటనే మొదటి కట్టుబాటు వీరిమీదనే పడును. 'ఇకపై పుల్ల విరువరాదు, గేదెను తోలరాదు' అని బల్ల కట్టెదరు. మంచిదే. మరి ఆ పొయ్యి దేనితో మండవలెను? ఆ గేదె ఎచ్చట మేయవలెను? దరఖాస్తులో కంచెకు డబ్బు చూపి పొయ్యికి చూపనిచో, కంచె తెగుట ఖాయము. పొయ్యి, పశుగ్రాసము, పీత కొవ్వబెట్టుట వంటి జీవనోపాధి పనులు గ్రాంటులో అలంకారముగా చేర్చు పద్దులు కావు. కంచె నిలుచుట వానిమీద ఆధారపడియుండును. ఈ కుటుంబముల వారిని కమిటీలో చేర్చుటతో తృప్తిపడక, సభను వారు వేటనుండి తిరిగి వచ్చు వేళకు పెట్టవలెను. పోటుపాటుల వేళ చూడక మధ్యాహ్నము పన్నెండు గంటలకు సభ పిలిచిన, సంతకము పెట్టువారే వత్తురు.

నేల యెవరిదో కూడ ముందే తేల్చుకొనవలెను. అభయారణ్యమైనచో అటవీశాఖ అనుమతి లేక పార వేయరాదు. రెవిన్యూ పోరంబోకైనచో తహశీల్దారు కాగితము కావలెను. తీరప్రాంత నియంత్రణ ప్రకటనలు మడ అడవులను అత్యంత రక్షణగల మొదటి వర్గములో చేర్చినవి. కాలువ త్రవ్వుట అడవికి మేలైన పనియైనను, కాగితము లేకుండ త్రవ్వినచో తప్పే యగును. గ్రాంటు చేతికి వచ్చిన పిమ్మట అనుమతికై తిరిగి ఏడాది పోగొట్టుకొనుట కంటె, అనుమతికి దరఖాస్తు ముందు పెట్టి, ఆ నకలును గ్రాంటు దరఖాస్తునకు జతచేయుట మేలు.

లెక్కల పుస్తకము సంగతి క్లుప్తముగా చెప్పెదము. ఖాతా ఇద్దరు ముగ్గురి ఉమ్మడి సంతకముతో నుండవలెను. కూలి పట్టికలో పేరు, దినము, చేసిన కొలత, వ్రేలిముద్ర గాని సంతకము గాని యుండవలెను. శ్రమదానముగా చేసిన పనిని కూడ అదే విధముగా వ్రాయవలెను. గ్రామపు వంతు అనగా ఈ పుట తప్ప వేరు సాక్ష్యము లేదు. మూడునెలల కొకమారు పుస్తకమును సభలో బిగ్గరగా చదువవలెను. చదువు రానివారు వినుటకు వేరు ఉపాయము లేదు. రసీదులు పోగొట్టుకొన్న సంఘమునకు రెండవ విడత సొమ్ము ఆగిపోవును, దానితో ఆ యేటి పూడికయు ఆగును.

మరియొక హెచ్చరిక. గ్రాంటులో చెట్టు అని యున్నదని తీరమంతటను చెట్టు నాటరాదు. సునామీ పిమ్మట తూర్పుతీరమున ఇసుకమీద సరుగుడు విస్తారముగా వేసిరి. గాలికి అడ్డుగా సరుగుడు ఉపయోగపడును. కాని జనవరి మొదలుకొని కొన్ని నెలలు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గుంట చేసి గ్రుడ్లు పెట్టును. అలకు దగ్గరగా సరుగుడు వేళ్ళు అల్లుకొన్నచోట వానికి గుంట చేయుటకు చోటుండదు. అట్లే పూర్వమెన్నడును మడ లేని బురదదిన్నెల మీద మడ నాటుట వృథా. అవి నీటిపక్షులు మేయు చోట్లు. ఎచ్చట ఏముండెనో ఊరి ముసలివారి నడిగి పటము వ్రాసికొన్న పిమ్మటనే ఎచ్చట ఏమి నాటవలెనో వ్రాయవలెను.

ఇక కాలము మాట. కాలువ త్రవ్వుటకు వేసవి తగినది, నేల గట్టిపడియుండును. మడ విత్తు ఏడాదికి ఒకమారు పండి రాలును. తెల్లమడ విత్తును వరివిత్తనము వలె గాదెలో నిలువ చేయ వీలులేదు. రాలిన కొలది దినములలోనే నాటవలెను, లేక నారుసంచులలో పెట్టవలెను. మంజూరు పత్రములు మాత్రము ఈ ఋతువులను ఎరుగవు. మార్చిలో రావలసిన మొదటి విడత ఆగస్టులో వచ్చుట అరుదు కాదు. అట్టి యేట తొందరపడి తడినేలలో సగము కాలువలు త్రవ్వి, దొరకిన మొక్కలు గ్రుచ్చి, లెక్క చూపరాదు. విత్తు సేకరించి నారు మాత్రము పెంచుకొని, త్రవ్వకమును మరుసటి వేసవికి వాయిదా వేయుచున్నామని తీర్మానము చేసి, గడువును ఏడాది పొడిగింపుమని దాతకు వెంటనే వ్రాయవలెను. కారణముగా పోటుపాటుల వివరమును, విత్తు రాలు నెలను పేర్కొనవలెను. ఆ ఉత్తరపు నకలు కూడ సంఘపు పుస్తకములోనే అంటించి యుంచవలెను.